రక్తపటలం: కెమెరా పోలిక కప్పివేసిన పొర

తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం చదివినవారికి కంటి నిలువుకోత బొమ్మ గుర్తుండకపోదు. వెలుపల దృఢస్తరం, లోపల నేత్రపటలం, ఆ రెంటి నడుమ నల్లగా దిద్దిన సన్నని గీత. ఆ గీత పేరు రక్తపటలం. దాని గురించి పుస్తకం చెప్పేది సాధారణంగా రెండు ముక్కలే. అది కంటికి పోషణనిస్తుంది. అందులోని నల్లని వర్ణకం కంటి లోపలి గదిని చీకటి చేసి, కాంతి చెదిరిపోకుండా చూస్తుంది. రెండో ముక్క వెనువెంటనే కెమెరా వస్తుంది. కటకం ఉంది, రంధ్రం ఉంది, ఫిల్ము ఉంది. పెట్టె లోపల పూసిన నల్లరంగే రక్తపటలం. ఈ పోలిక ఎంత చక్కగా అతికిందంటే, దాన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి ఆ పొర గురించి మళ్ళీ ఆలోచించే అవసరమే రాలేదు.

ఆ రెండు ముక్కల్లో అబద్ధమేమీ లేదు. లోపమంతా పాళ్ళలో ఉంది. కంటిలో కాంతి ఏం చేస్తుందో కెమెరా చెప్పగలదు. కన్ను ఎలా బతుకుతుందో చెప్పలేదు. మొదటి ప్రశ్నకే పాఠం పెద్దపీట వేయడంతో, రెండో ప్రశ్నకు సమాధానమైన పొర రంగుపూత స్థాయికి దిగిపోయింది.

ఈ దిగుడుకు నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. బయటి ప్రపంచపు ప్రతిబింబం తలకిందులుగా కంటి వెనుక గోడ మీద పడుతుందని 1604లో యోహానెస్ కెప్లర్ గణితరీత్యా నిరూపించాడు. 1637లో వెలువడిన తన దృక్‌శాస్త్ర గ్రంథంలో రెనె డెకార్ట్ దాన్ని కళ్ళారా చూసే దారి చెప్పాడు. అప్పుడే చనిపోయిన ఎద్దు కన్ను తీసుకోవాలి. వెనుక భాగంలో పొరలను కోసి తొలగించాలి. ఆ ఖాళీలో పలుచని కాగితమో గుడ్డుపెంకో ఉంచి, కిటికీ రంధ్రానికి కన్ను అమర్చి చూడాలి. పెంకు మీద వీధి దృశ్యం తలకిందులుగా కనిపిస్తుంది. శాస్త్రచరిత్రలో ఇంత అందమైన ప్రయోగాలు అరుదు. అయితే ఒక్క సంగతి గమనించాలి: ఈ ప్రయోగం ఫలించాలంటే ముందుగా తీసిపారేయవలసిన వాటిలో రక్తపటలం ఒకటి. అది లేకపోయినా ప్రతిబింబానికి లోటు రాలేదు. చూపు అంటే ప్రతిబింబమే అనుకున్న రోజు నుండి ఆ పొర అనవసరపు సరుకైపోయింది.

అంతకుముందు దానికి ఇంతకంటె గౌరవమైన పేర్లుండేవి. గ్రీకు వైద్యులు కంటి మధ్యపొర ముందు భాగాన్ని ద్రాక్షపండుతో పోల్చారు. నల్లద్రాక్షను తొడిమ నుండి ఊడదీస్తే తొక్క మధ్యన చిన్న గుండ్రని రంధ్రం మిగులుతుంది. ఆ తొక్క ఐరిస్, ఆ రంధ్రం కనుపాప. లాటిన్‌లో ద్రాక్షను 'యువా' అంటారు కనుక నేటి వైద్యులు మధ్యపొర మొత్తాన్ని, అంటే ముందున్న ఐరిస్‌ను, దాని వెనుకనున్న సిలియరీ అంగాన్ని, కంటి వెనుక గోడంతటా పరచుకున్న రక్తపటలాన్ని కలిపి 'యువియా' అంటున్నారు. ఆ వెనుక భాగానికి గ్రీకులు పెట్టిన పేరు ఇంకా ఆసక్తికరం. గర్భస్థ శిశువును చుట్టి ఉండే, రక్తనాళాలతో నిండిన పొరను వారు 'కోరియన్' అన్నారు. అటువంటిది కనుక ఇది 'కోరాయిడ్' అయింది. 9వ శతాబ్దంలో బాగ్దాదులో గేలెన్ గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చిన హునయ్న్ ఇబ్న్ ఇస్‌హాక్ ఈ రెండు పేర్లనూ అర్థం చెడకుండా అనువదించాడు. ఒకటి 'ఇనబియ్య', ద్రాక్షవంటిది; రెండోది 'మషీమియ్య', మాయవంటిది. నేటికీ అరబ్బీ నేత్రవైద్యంలో కోరాయిడ్ పేరు ఇదే. గల్ఫు దేశాల్లో కంటి ఆసుపత్రికి వెళ్ళే తెలుగువారి చెవిన కూడా ఈ మాట పడే అవకాశం ఉంది. అది కాన్పులో బిడ్డ వెంట పడే మాయ గురించి తెలుగు పల్లెలో అనే మాటే అని తట్టకపోవచ్చు.

ఈ పోలికను ఆధునిక శరీరశాస్త్రం వెలుగులో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మాయలో తల్లి రక్తం బిడ్డ రక్తంతో కలవదు. నడుమనున్న సన్నని అడ్డుగోడ గుండా ఆక్సిజన్, ఆహారం అటు వెళతాయి, వ్యర్థాలు ఇటు వస్తాయి. రక్తపటలంలోనూ వ్యవహారం అదే. లోపలి అంచున విశాలమైన కేశనాళికల వల ఒకటి పరచుకుని ఉంటుంది. ఆ నాళికల గోడలకు రెటీనా వైపు అతిసూక్ష్మ రంధ్రాలుంటాయి. దాని మీద 2 నుండి 4 మైక్రాన్ల మందపు బ్రూక్ పొర, ఆ పైన వర్ణక కణాల వరుస, ఆ వరుసకు ఆనుకుని కాంతిని గ్రహించే దండాలు, శంకువులు. వీటి దగ్గరికి ఒక్క రక్తనాళమూ రాదు. రావలసినదంతా ఆ అడ్డుగోడ దాటి రావలసిందే. అంతమాత్రాన గ్రీకులకు ఇదంతా ముందే తెలుసనడం సరికాదు. వారు చూసింది నాళాలు చిక్కగా అల్లుకున్న పొరను, పోలిక అంతవరకే. తర్వాతి శాస్త్రం దాన్ని నిజం చేసింది.

ఇటువంటి జాగ్రత్త సుశ్రుతుని విషయంలో కొరవడుతున్నది. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం కంటికి ఆరు పటలాలు చెప్పింది. రెండు రెప్పల్లో, నాలుగు కంటిలో. ఆ నాలుగింటిలో వెలుపలిది తేజస్సును, జలాన్ని ఆశ్రయించినది. తర్వాతివి వరుసగా మాంసం, మేదస్సు, అస్థి ఆశ్రయంగా కలవి. ఈ నాలుగింటినీ ఆధునిక పొరలతో ఒకటికొకటి జతచేసి, ఫలానా పటలమే కోరాయిడ్ అని తేల్చే ప్రయత్నాలు కనిపిస్తుంటాయి. కంటిలో ఎముక లేదు కనుక నాలుగో పటలం దగ్గరే ఈ లెక్క తప్పిపోతుంది. సుశ్రుతుడు పటలాలను ప్రధానంగా తిమిరరోగం ఏ దశకు చేరిందో చెప్పడానికి వాడుకున్నాడు. కత్తితో విడదీసి చూసే పొరల పట్టిక అది కాదు. ఆధునిక తెలుగు శాస్త్రపదజాలం 'పటలం' అన్న మాట తీసుకుంది, మంచిదే. మాటతో పాటు సిద్ధాంతం కూడా వచ్చిందనుకోవడమే పొరపాటు.

కెప్లర్ తర్వాత రక్తపటలం తరఫున గట్టిగా వాదించినవాడు ఒకడున్నాడు. వాయువుల పీడన సూత్రంలో బాయిల్‌తో పాటు పేరు పంచుకున్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మ్ మారియోట్. దృక్‌నాడి కంటిలోకి ప్రవేశించే చోట ప్రతిబింబం పడితే ఏం జరుగుతుందో పరీక్షించి, అక్కడ చూపు బొత్తిగా లేదని కనిపెట్టి, 1668లో ప్రకటించాడు. బడి పిల్లలు 'అంధచుక్క' పేరుతో చదివేది అదే. దాని నుండి మారియోట్ తీసిన తీర్మానాన్ని మాత్రం పుస్తకాలు చెప్పవు. నాడి ప్రవేశించే ఆ చోట నాడీతంతువులు పుష్కలంగా ఉన్నాయి, రక్తపటలం లేదు. రెటీనా పారదర్శకం, కాంతి దాని గుండా సాగిపోతుంది. రక్తపటలం నల్లనిది, కాంతి అక్కడ ఆగుతుంది. కనుక చూసేది రెటీనా కాదు, రక్తపటలం! జాన్ పెకే మొదలైన సమకాలికులు రెటీనా పక్షాన నిలిచి ఖండించారు. వాదం ఏళ్ళ తరబడి నడిచింది.

మారియోట్ ఓడిపోయాడు, ఓడిపోవలసిందే. కానీ అతని తర్కాన్ని తోసిపుచ్చినవారి దగ్గర అప్పటికి అంతకంటె మేలైన తర్కం లేదు. సుమారు రెండు శతాబ్దాల తర్వాత, 1850లలో, జర్మనీ శాస్త్రజ్ఞుడు హైన్రిక్ ముల్లర్ రెటీనా నాళాల నీడ కదలికను కొలిచి, కాంతిని గ్రహించే తలం ఆ నాళాలకు చాలా వెనుక, రెటీనాలో అట్టడుగున ఉన్నదని లెక్కగట్టాడు. అంటే కాంతి నిజంగానే పారదర్శకమైన రెటీనాను దాదాపు మొత్తం దాటి, రక్తపటలం గుమ్మం దాకా వచ్చాకనే పట్టుబడుతున్నది. మారియోట్ ఇంటి నంబరు తప్పు చెప్పాడు గాని వీధి సరిగ్గానే చెప్పాడు.

ఇక నలుపు సంగతి. కెమెరా పోలిక రక్తపటలానికి మిగిల్చిన ఒక్క ఉద్యోగం అదే, అదీ పూర్తిగా దానిది కాదు. వెనుక గోడ నలుపులో ముఖ్యభాగం వర్ణక కణాల వరుసది. పిండదశలో ఆ వరుస పుట్టేది రెటీనాతో పాటు, మెదడు నుండి ముందుకు పొడుచుకొచ్చిన మొగ్గలోంచి. రక్తపటలంలోని వర్ణకకణాలు వేరే దారిన వలస వస్తాయి. పైగా నలుపే ఆ పొర ధర్మమైతే పశువుల కన్ను దాన్ని ఎందుకు పాటించదు? రాత్రి లాంతరు పట్టుకుని కొట్టంలోకి తొంగిచూస్తే ఆవుల కళ్ళు నిప్పుకణికల్లా మెరుస్తాయి. మేక కన్ను కోసి చూసిన విద్యార్థికి వెనుక గోడ మీద నీలి ఆకుపచ్చల నిగనిగ కనిపిస్తుంది. అది టాపిటమ్ అనే అద్దపు పొర, రక్తపటలంలోనే భాగం. కాంతిని మింగడానికి బదులు వెనక్కి కొట్టి, మసక వెలుతురులో దండాలకు రెండో అవకాశం ఇస్తుంది. మనిషికి అది లేదు. డెకార్ట్ కోయమన్న ఎద్దు కంటికి ఉంది. చీకటిగదికి సాక్ష్యం పలికిన కన్ను లోపల అద్దం తొడిగిన గది కావడం విచిత్రమే.

ఇంతకూ ఆ పొర ప్రధానంగా చేసే పని రక్తం నడపడం. దాని లెక్కలు మొదటిసారి చూసినవారు నమ్మడం కష్టం. 1970లలో స్వీడన్‌లో ఆల్మ్, బిల్ అనే శాస్త్రజ్ఞులు కోతుల మీద జరిపిన కొలతల ప్రకారం కంటిలోకి వచ్చే రక్తంలో సుమారు 85 శాతం రక్తపటలం గుండా ప్రవహిస్తుంది. రెటీనా సొంత నాళాలకు దక్కేది 5 శాతం లోపే. కణజాలపు బరువును బట్టి చూస్తే శరీరంలో ఇంత ప్రవాహం ఉన్న చోట్లు బహుకొద్ది. మరింత విడ్డూరమేమంటే, ఇంత రక్తం వచ్చి, తెచ్చిన ఆక్సిజన్‌లో దాదాపు అంతా వెనక్కి తీసుకుపోతుంది. జంతువులలో చూసిన లెక్క ప్రకారం ధమనిలో వచ్చిన ఆక్సిజన్‌లో ఇక్కడ ఖర్చయ్యేది 3, 4 శాతం మాత్రమే. రెటీనా నాళాల్లో అది 38 శాతం దాకా ఉంటుంది.

దీన్ని దుబారా అన్నవారున్నారు. గోదావరి డెల్టా కాలువల తీరు తెలిసినవారు అంత తొందరపడరు. కాలువలో పారే నీరంతా పొలాలు తాగవు. అయినా నిండుగా పారాలి. మట్టం పడిపోతే కాలువ గట్టు పక్క పొలానికి అందుతుందేమో గాని శివారు భూమికి నీరెక్కదు. రక్తపటలం సమస్యా ఇదే. ఆక్సిజన్ నాళంలోంచి దిగి, బ్రూక్ పొర దాటి, వర్ణక కణాలు దాటి, దండాలు శంకువుల లోపలి భాగాలకు ఎవరూ మోయకుండా తనంతట తాను వ్యాపించి చేరాలి. ఆ కణాలు శరీరంలోకెల్లా అత్యధికంగా ఆక్సిజన్ వాడే వాటిలో చేరతాయి. అదీ వెలుగులో కన్నా చీకటిలో ఎక్కువ. అంత దూరం నెట్టుకురావాలంటే ఈ ఒడ్డున ఆక్సిజన్ మట్టం ఎప్పుడూ ఎత్తులోనే నిలవాలి. కనుక రక్తం నిండుగా వచ్చి నిండుగానే పోవాలి. రెటీనా వాడే ఆక్సిజన్‌లో సగానికి మించి అందేది ఈ వైపు నుండే. ప్రవాహానికి ఇంకో ప్రయోజనం కూడా ఉందని 1980లో పార్వర్ బృందం ప్రతిపాదించింది: కటకం కేంద్రీకరించిన కాంతి వల్ల రెటీనా కేంద్రంలో పుట్టే వేడిని రక్తం మోసుకుపోతుందని. ఆ వాదనకు ఆధారాలున్నాయి గాని, మొత్తం ప్రవాహానికి అదే కారణమనడం అతిశయోక్తి.

అక్షరాలు చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి అక్కరకొచ్చే కేంద్రబిందువు దగ్గర ఈ ఆధారం సంపూర్ణం. అక్కడ సుమారు అర మిల్లీమీటరు వ్యాసం మేర రెటీనాకు సొంత నాళాలే లేవు. రెటీనా ప్రధాన ధమని అకస్మాత్తుగా మూసుకుపోయిన రోగి కంటిలోకి చూసిన వైద్యునికి ఇది బొమ్మ గీసినట్టు కనిపిస్తుంది. చుట్టూ రెటీనా పాలిపోయి తెల్లబడుతుంది. నడిమధ్య మాత్రం ఎర్రని చుక్క. అది గాయం కాదు. రెటీనా మిక్కిలి పలుచగా ఉన్న ఆ చోట, వెనుక ఇంకా పారుతున్న రక్తపటలం ఎరుపు.

ఇన్ని సంగతులు పాఠంలోకి రాకపోవడానికి కెమెరా ఒక్కటే కారణం కాదు. ఆ పొరను చూసిన పద్ధతి కూడా కారణం. మూడు శతాబ్దాల పాటు రక్తపటలం గురించి తెలిసినదంతా శవాల నుండి తెలిసింది. హాలండులో ఫ్రెడరిక్ రైష్ నాళాల్లోకి రంగు మైనం ఎక్కించి కేశనాళికల పొరను చూపించాడు. తర్వాతివారు రెసిన్ ఎక్కించి, కణజాలాన్ని కరిగించి, నాళాల అచ్చులు తీశారు. ఆ అచ్చుల్లో నాళాలన్నీ ఒకదానితో ఒకటి ధారాళంగా కలిసి ఉన్నాయి. కనుక ఒక ధమని మూసుకుపోయినా పక్కది ఆదుకుంటుందని పుస్తకాలు రాశాయి. పంజాబులో పుట్టి, బ్రిటన్‌లోను తర్వాత అమెరికాలోని అయోవాలోను పనిచేసిన సోహన్ సింగ్ హేరె దీన్ని ఒప్పుకోలేదు. బతికున్న కంటిలోకి ఫ్లోరెసీన్ రంగు పంపి ఫోటోలు తీసి, ఒక్కొక్క సిలియరీ ధమని తన వాటా మేరకే నీరుపెడుతుందని, వాటాల సరిహద్దులే కరువుకు ముందుగా ఎండే భూములని చూపించాడు. అచ్చులో కనిపించిన లంకెలు అబద్ధం కావు. ప్రాణమున్న కంటిలోని ఒత్తిళ్ళ కింద అవి ఆపద్ధర్మానికి పనికిరావు. దృక్‌నాడి ముందు భాగం రక్తం అందక దెబ్బతినే జబ్బును అర్థం చేసుకోవడానికి ఇది దారి చూపింది.

మందం విషయమూ అంతే. రక్తం ఇంకిపోయి, రసాయనాల్లో నానిన శవనేత్రంలో ఈ పొర ముడుచుకుపోతుంది. పాఠ్యగ్రంథాల సన్నగీత ఆ కంటిదే. 2008లో న్యూయార్క్ వైద్యుడు రిచర్డ్ స్పైడ్, ఆయన సహచరులు ఓసీటీ యంత్రాన్ని లోతుగా చూసేటట్టు వాడే సులువు చెప్పాక, బతికున్న మనిషి రక్తపటలాన్ని ఆసుపత్రిలో కూర్చోబెట్టి కొలవడం సాధ్యమైంది. ఆరోగ్యవంతుల కంటి కేంద్రం వెనుక అది సగటున పావు మిల్లీమీటరుకు పైబడి ఉంటుంది, అంటే అక్కడి రెటీనాకు తీసిపోదు. వయసుతో పలచబడుతుంది. తీవ్రమైన హ్రస్వదృష్టి ఉన్న కంటిలో మరీ పలచబడుతుంది. ఒకే కంటిలో పగటికీ రాత్రికీ మారుతుంది.

ఈ మారడం దగ్గరే కెమెరా పోలిక పూర్తిగా చేతులెత్తేస్తుంది. 1995లో జాష్ వాల్‌మన్ బృందం కోడిపిల్లల కళ్ళకు కటకాలు తగిలించి చూసింది. ప్రతిబింబం రెటీనాకు ముందు పడేలా చేస్తే రక్తపటలం ఉబ్బి రెటీనాను ముందుకు తోసింది. వెనుక పడేలా చేస్తే పలచబడి రెటీనాను వెనక్కి జరగనిచ్చింది. ఫిల్మును ప్రతిబింబం ఉన్న చోటికి జరిపే నల్లరంగు ఏ కెమెరాలోనూ లేదు. మనుషుల్లో ఈ కదలిక మైక్రాన్లలోనే ఉంటుంది, దానితో చూపు సరిపోదు. కానీ రెటీనా నుండి దృఢస్తరానికి 'ఇక పెరగవద్దు', 'ఇంకా పెరుగు' అన్న కబురు ఈ పొర గుండానే వెళ్ళాలి. దాని మందంలో మార్పు ఆ కబురుకు బయటికి కనిపించే గుర్తు కావచ్చునన్న దిశలో పరిశోధన సాగుతున్నది. హ్రస్వదృష్టిని నెమ్మదింపజేయడానికి పిల్లలకు వేసే అట్రోపిన్ చుక్కలు రక్తపటలాన్ని కాస్త మందం చేస్తాయన్నది ఈ సందర్భంలోనే ప్రధానమైంది. విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లల కళ్ళద్దాల నంబరు ఏటేటా పెరుగుతుంటే తల్లిదండ్రులు కటకం గురించే ఆలోచిస్తారు. సాగిపోతున్నది కటకం కాదు, కన్ను.

పెద్దల జబ్బుల్లోనూ ఇదే చూపుదోషం. వయసు మీరినవారి చూపు కేంద్రాన్ని చెరిపే మాక్యులా క్షీణతలో తడి రకానికి కారణం రక్తపటలం నుండి కొత్త నాళాలు బ్రూక్ పొరను చీల్చుకుని పైకి రావడమే. పని ఒత్తిడిలో ఉన్న నడివయసు పురుషుల్లో, స్టెరాయిడ్ మందులు వాడేవారిలో ఎక్కువగా కనిపించే ఒక జబ్బులో రక్తపటలం నుండి ద్రవం ఊరి రెటీనా కింద నీటిబుడగలా నిలుస్తుంది. చూపు మధ్యలో మసక మచ్చ తేలుతుంది. దాన్ని అద్దాల నంబరు మారిందనుకునేవారు తక్కువ కాదు. కీళ్ళనొప్పికో ఉబ్బసానికో స్టెరాయిడ్ వాడుతున్న సంగతి కంటి వైద్యునికి చెప్పాలని తట్టకపోవడానికి, కన్ను ఒక విడి పరికరమన్న భావన కొంత కారణం కాకపోదు.

అన్నిటికంటె ఎక్కువ నష్టం మధ్యపొరను మూడు ముక్కలుగా బోధించడం వల్ల జరుగుతున్నది. పాఠంలో ఐరిస్ కాంతిని నియంత్రించే తెర, సిలియరీ అంగం కటకాన్ని పట్టే కండరం, రక్తపటలం వెనుక గోడ రంగు. మూడింటికీ రక్తం ఒకటే, జబ్బూ ఒకటి కావచ్చునన్న సంగతి ఎక్కడా రాదు. క్షయ, కొన్ని కీళ్ళవాతాలు, చర్మంపై బొల్లి మచ్చలతో పాటు వచ్చే ఒక వాపుజబ్బు ఈ పొరలో ఎక్కడైనా తలెత్తవచ్చు. ఒక కంటిలో ఈ పొర తెగేలా గాయమైతే, శరీరపు రక్షణవ్యవస్థ దారితప్పి గాయపడని రెండో కంటి మధ్యపొర మీద కూడా పడవచ్చు. 1812లో తండ్రి జీనుల దుకాణంలో సూదిమొన ఒక కంటికి గుచ్చుకున్న మూడేళ్ళ లూయీ బ్రెయిల్, తర్వాత రెండో కన్ను కూడా పోగొట్టుకోవడానికి ఇదే కారణమై ఉంటుందని చాలామంది వైద్యుల అభిప్రాయం.

'మీకు యువియైటిస్' అని వైద్యుడన్నప్పుడు తెలుగు రోగికి ఆ మాట వెనుక ఏ రూపమూ కదలదు. రక్తపటలం వాపు అంటే సగమే చెప్పినట్టు. ఐరిస్ అందులో చేరదు. మధ్యపొర అంటే అర్థమవుతుంది గాని దేని మధ్యనో తెలియదు. గ్రీకులను, హునయ్న్‌ను అనుసరించి 'ద్రాక్షపొర' అంటే పదకోశ సంఘాలు నవ్వవచ్చు. సంస్కృతీకరించి 'ద్రాక్షాపటలం' అంటే బహుశా ఒప్పుకుంటాయి. ఏదైనా సరే, నల్లద్రాక్ష తొడిమ ఊడదీసి చేతికిస్తే ముందున్న రంధ్రం అంచు, వెనుకనున్న గోడ ఒకే తొక్క అని రోగికి చెప్పనక్కరలేదు.